గులిమి జోలికి పోకండి

చెవిలో గులిమి మురికి కాదు. చెవి కాలువ బయటి మూడో వంతులో ఉండే గ్రంథుల స్రావం, రాలిన చర్మపు పొలుసులు, దుమ్ము కలిసి గులిమి అవుతాయి. దానికి జిడ్డు, కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటాయి కాబట్టి నీళ్లు చర్మంలోకి ఇంకవు, క్రిములూ బూజూ తేలిగ్గా పెరగవు. కాలువ లోపలి చర్మం కర్ణభేరి వైపు నుంచి బయటికి మెల్లగా జరుగుతూ ఉంటుంది. నమిలేటప్పుడు, మాట్లాడేటప్పుడు కదిలే దవడ దానికి తోడవుతుంది. పాత గులిమి అలా అంచుకు చేరి తనంతట తనే రాలిపోతుంది.

పెద్దవాళ్లలో ఈ కాలువ పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. దాని చివరే కర్ణభేరి. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్ బడ్ ఏది పెట్టినా బయటికొచ్చేది కొంచెమే, మిగతాది లోపలికి పోయి గట్టిపడుతుంది. దూదికి అంటిన పసుపు చూసి చెవి శుభ్రమైందనుకుంటారు. గీసుకున్న చర్మం దురద పెడుతుంది, ఆ దురదకు మళ్లీ పుల్ల వెతుకుతారు. ఆ సమయంలో పక్కనున్న పిల్లాడు మోచేతికి తగిలినా కర్ణభేరికి చిల్లు పడొచ్చు. నిజంగానే గులిమి అడ్డుపడి వినికిడి తగ్గితే చెవి డాక్టరు చుక్కలమందుతో మెత్తబరిచి, లోపలికి చూస్తూ తీస్తారు.

చెవిపోటు రాగానే వెల్లుల్లి కాచిన నూనె పోయడం తెలుగిళ్లలో పాత అలవాటు. కర్ణభేరికి అప్పటికే చిల్లుంటే ఆ నూనె మధ్యచెవిలోకి దిగుతుంది. కోస్తా ఉక్కపోతలో నూనె, తడి కలిసిన చెవిలో బూజు పట్టడం మామూలే. పసిబిడ్డకు నలుగుపెట్టి నీళ్లుపోశాక ముక్కులో నూనెచుక్క వేయడం ఇంకా ప్రమాదం, అది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. అమ్మమ్మలు ప్రేమతో చేసే పనే, అయినా మానాల్సిందే.

అసలు పిల్లల చెవిపోటు చాలాసార్లు ముక్కులో మొదలవుతుంది. మధ్యచెవినీ ముక్కు వెనుక భాగాన్నీ కలిపే యూస్టేషియన్ నాళం మింగినప్పుడూ ఆవులించినప్పుడూ తెరుచుకుని చెవిలోపలి గాలి ఒత్తిడిని సరిచేస్తుంది. పసివాళ్లలో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు తేలిగ్గా చెవికెక్కుతుంది. సీసాపాలు పడుకోబెట్టి కాకుండా తల ఎత్తి పట్టాలి. ముక్కును గట్టిగా చీదకూడదు, ఒక్కో రంధ్రాన్ని నెమ్మదిగా చీదాలి.

ముక్కు దిబ్బడకు ఉప్పునీటితో కడుక్కోవడం మంచి పద్ధతి. పావు లీటరు నీళ్లకు అర టీస్పూను ఉప్పు సరిపోతుంది. నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే కావాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లు నేరుగా వాడి ముక్కు కడుక్కున్న ఇద్దరు, నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా మెదడుకు చేరి చనిపోయారు. దిబ్బడ తగ్గించే చుక్కలమందు నాలుగైదు రోజులు దాటితే ఆ మందే దిబ్బడ తెస్తుంది.

ఇక గొంతు సంగతికొస్తే, దానికి ప్రధాన శత్రువులు పొగ, పొగాకు, అరుపులు. జలుబుతో వచ్చిన బొంగురు, మాటలు తగ్గించి నీళ్లు తాగుతుంటే సర్దుకుంటుంది. మూడు వారాలు దాటినా తగ్గకపోతే, ముఖ్యంగా బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లు, స్వరపేటికను పరీక్ష చేయించుకోవాలి. స్వరతంత్రుల మీద పుట్టే క్యాన్సర్‌కు తొలి లక్షణం సాధారణంగా ఆ బొంగురే, ఆ దశలో పట్టుకుంటే చాలామందికి నయమవుతుంది.