జీవోత్పత్తి చర్చల్లో ఛలం, హేత్వాభాస: న్యాయదర్శన పరిభాషతో ఒక పరిశీలన

కీలకపదాలు: వాదం, ఛలం, జాతి, హేత్వాభాస, జీవపరిణామం, కోయ పడిగె, భద్రాచలం

1. ప్రవేశిక

జీవం పుట్టుకను, జీవపరిణామాన్ని గురించిన చర్చలో వాదనల బలాబలాలను తూచడానికి తెలుగువారు పరిభాషను అరువు తెచ్చుకోనవసరం లేదు. గౌతముని న్యాయసూత్రాలు చర్చను వాదం, జల్పం, వితండ అని మూడు విధాలుగా విభజించాయి. తత్త్వనిర్ణయానికి సాగేది వాదం. గెలుపే లక్ష్యమైనది జల్పం. స్వపక్షాన్ని నిలబెట్టకుండా పరపక్షఖండనకే పరిమితమైనది వితండ. చర్చలో దొర్లే దోషాలకు ఛలం, జాతి, హేత్వాభాస, నిగ్రహస్థానం అనే పేర్లున్నాయి. ఈ పరిభాష నేటి చర్చకు ఎంతవరకు పనికివస్తుందో చూడటానికి ఖమ్మం, భద్రాచలం అటవీప్రాంతం తగిన ఉదాహరణలను అందిస్తుంది.

2. అనుమాన ప్రమాణ నిరాకరణ

కోతి మనిషిగా మారడాన్ని ఎవరూ చూడలేదు కనుక డార్విన్ సిద్ధాంతం తప్పని 2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయమంత్రి ఒకరు అన్నారు. ఇందులో రెండు దోషాలున్నాయి. మొదటిది, ఎదుటిపక్షం చెప్పని మాటను దానికి అంటగట్టడం. మనిషికీ నేటి వానరాలకూ ఉమ్మడి పూర్వికులున్నారన్నదే పరిణామవాదం. రెండవది, ప్రత్యక్షం తప్ప మరో ప్రమాణం లేదనడం. పొంగిన నదిని చూసి ఎగువన వాన కురిసిందని గ్రహించడం శేషవదనుమానానికి న్యాయశాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఎగువన పడిన వానను కరకట్ట మీది మనిషి చూడలేదు. అయినా దానిని శంకించడు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు వద్ద బొగ్గును గుర్తించాడు. గోదావరి లోయలోని బొగ్గుపొరల శిలల్లో గ్లోసాప్టెరిస్ ఆకుల ముద్రలు దొరుకుతాయి. 25 కోట్ల ఏళ్లకు పూర్వపు ఆ అడవికీ సాక్షులు లేరు; ఆకుముద్రే సాక్ష్యం.

3. పోలిక, అతివ్యాఖ్య

2019 జనవరిలో జలంధర్ సమీపాన జరిగిన 106వ భారత సైన్సు కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ అప్పటి ఉపకులపతి దశావతారాలను డార్విన్ సిద్ధాంతంతో పోల్చి, వాటినే మెరుగైన వివరణగా పేర్కొన్నారు. మత్స్యం, కూర్మం, వరాహం అనే వరుసలో పోలిక ఉన్నమాట నిజమే. ఒక ప్రాణి నుంచి మరొకటి ఏ విధంగా వచ్చిందన్న వివరణ మాత్రం అందులో లేదు. వ్యాప్తిసంబంధం లేని కేవల సాదృశ్యంతో వాదించడం ‘సాధర్మ్యసమ’ అనే జాతికి దగ్గరిది.

దోషం ఒక పక్షానికే పరిమితం కాదు. 1953లో స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటియావిరి మిశ్రమంలో విద్యుత్తును ప్రసరింపజేసి అమైనో ఆమ్లాలను పొందాడు. దీనితో జీవోత్పత్తి రహస్యం తేలిపోయిందనడం సవ్యభిచార హేతువు. 1969లో ఆస్ట్రేలియాలో పడిన ముర్చిసన్ ఉల్కలోనూ అమైనో ఆమ్లాలున్నాయి, జీవం లేదు. మరోవైపు, గాజుపాత్రలో జీవం పుట్టలేదు కనుక పరిణామమే అబద్ధమనడం అర్థాంతరం. తొలి జీవం ఎలా పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఉన్న జీవం ఎలా మారిందన్నది మరొక ప్రశ్న.

4. పడిగె కథలు - ఉపచారఛలం

డోలి కోయలు పడిగెలను చూపుతూ గట్టుల, వేల్పుల పుట్టుపూర్వోత్తరాలను గానం చేస్తారు. ఎవరు ఏ గట్టువారో, ఎవరికి ఎవరితో వియ్యం కుదురుతుందో ఆ కథలతో ముడిపడి ఉంటుంది. అది వంశస్మృతి. మంచెలు కేకలు వేస్తున్నాయని ఒకరంటే, కొయ్యకు నోరెక్కడిదని మరొకరు ఖండించడం ఉపచారఛలం. పోడు చేలకు కావలి కాసేవారికి ఆ మాట అర్థం విప్పిచెప్పనక్కరలేదు. అరిచేది మంచె మీది మనిషి. పడిగె కథను అశాస్త్రీయమని వెక్కిరించే హేతువాది ఈ ఛలానికే పాల్పడుతున్నాడు. అదే కథను ప్రాచీన విజ్ఞానశాస్త్రంగా ఊరేగించే అభిమాని కూడా వాచ్యార్థాన్నే పట్టుకుంటున్నాడు. ఇద్దరి చేతుల్లోనూ నష్టపోయేది ఆ గానాన్ని కాపాడుకొస్తున్న కోయ సమాజమే.

5. ముగింపు

దోషానికి పేరు పెట్టగలగడం స్వపక్షసిద్ధి కాదు. ఎదుటివారి ఛలాన్ని పట్టుకొని అక్కడితో ఆగిపోతే అది వితండే అవుతుంది. పరిణామానికి శిలాజాలు, జన్యుసామ్యాలు వంటి స్వతంత్ర హేతువులున్నాయి, వాటినే ముందుంచాలి. తొలి జీవం విషయంలో పరిశోధన ఇంకా ముగియలేదని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలుతో విజ్ఞానపక్షానికి వచ్చే లోటు లేదు. తరగతి గదిలో చర్చ జల్పంగా దిగజారక వాదంగా సాగడానికి అది అవసరం.