కొండ మీద ఆయన, దిగువన ఆమె

దాంపత్యం పండడమంటే ఇద్దరూ ఒక్కటైపోవడమేనని చాలామంది అనుకుంటారు. మన పురాణాలు ఆదిదంపతులను చూపించే తీరు వేరు. అర్ధనారీశ్వర మూర్తిని నిదానంగా చూడండి. దేహం ఒకటే. అయినా ఒక పక్క జటాజూటం, మరో పక్క తీర్చిన కురులు. ఒక్కో చెవికి ఒక్కో తీరు ఆభరణం. శరీరం పంచుకున్నాక కూడా శివుడు శివుడిగానే, పార్వతి పార్వతిగానే ఉన్నారు. ఇంకా దగ్గరి సాక్ష్యం తిరుపతిలో ఉంది. శ్రీనివాసుడిగా వెలసిన విష్ణువు తిరుమల కొండ మీద ఉంటే, లక్ష్మి రూపంగా కొలిచే పద్మావతి అమ్మవారు దిగువన తిరుచానూరులో ఉంది. ఆమెకు తన గుడి, తన పూజలు, కార్తీకంలో తన బ్రహ్మోత్సవాలు ఉన్నాయి. పంచమీతీర్థం నాడు కొండ మీది నుంచి ఆమెకు సారె వస్తుంది. స్వామి వక్షఃస్థలం మీద అమ్మవారు కొలువై ఉందన్నదీ భక్తుల నమ్మకమే. గుండెలో చోటుకీ వేరే ఇంటికీ ఇక్కడ పేచీ లేదు. ఏళ్ల తరబడి కలిసి బతికేవాళ్లు నేర్వాల్సింది ఇదేనని నా నమ్మకం. పూర్తిగా తెలిసిపోయిందనుకున్న మనిషిని ఏమీ అడగం. అడగడం మానేశాక ప్రేమ వట్టి అలవాటుగా మిగులుతుంది. తన పని, తన స్నేహాలు, తన ఆలోచన ఉన్న మనిషి దగ్గర రోజూ వినడానికి ఏదో ఒకటి ఉంటుంది.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. వేంకటాచల కథలో ఎడబాటు మొదలైందే భృగు మహర్షి విష్ణువు వక్షఃస్థలాన్ని కాలితో తన్నడంతో, అక్కడ కొలువున్న లక్ష్మి అలగడంతో కదా, గాయాన్ని ఆదర్శం చేస్తారా అని అడగవచ్చు. పైగా ఎడబాటు భారమంతా ఆడవాళ్లే మోశారు. లక్ష్మణుడు అన్న వెంట వెళితే ఊర్మిళ పద్నాలుగేళ్లు అయోధ్యలో ఉండిపోయింది. ఆశ్రమాలు చూపిస్తారనుకుని బయల్దేరిన గర్భవతి సీతకు, తనను విడిచిపెట్టారన్న సంగతి గంగ దాటాకే తెలిసింది. ఈ రెండు కథలనూ నేను వేరుతనానికి ఉదాహరణలుగా ఒప్పుకోను. అవి ఒకరి నిర్ణయాన్ని మరొకరు మోసిన కథలు. లక్ష్మి సంగతి అలా కాదు. అవమానాన్ని దిగమింగి పక్కనే కూర్చోకుండా, తనంతట తాను వైకుంఠం విడిచింది. వెతుక్కుంటూ భూమికి దిగినవాడు విష్ణువు. తన మాట చెల్లే ఆ స్థానం ఆమెకు ఉంది కాబట్టే వాళ్ల బంధానికి అంత గౌరవం. భర్తకు ఊళ్లూ స్నేహితులూ, భార్యకు ఎదురుచూపులూ దక్కే ఇంట్లో వేరుతనాన్ని పొగడడం అన్యాయం. ముందు ఆమెకు తన వేళ, తన సంపాదన, కాదనగల హక్కు దక్కాలి. ఆ తర్వాతే ఇద్దరి మధ్య ఎడం ప్రేమకు బలమవుతుంది.