పాలెగాడు లేని తిట్టు

తిరుపతిలో ఏడాదికి ఒక వారం నడిరోడ్డు మీద నిలబడి బూతులు తిట్టొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. పైపెచ్చు పుణ్యం. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకో వేషం: నామంకొమ్ము పూసుకునే బైరాగి వేషం, కుంకుమ పూసుకునే బండ వేషం, బొగ్గు పూసుకునే తోటి వేషం, గంధం పూసుకునే దొర వేషం, చివరికి చీర కట్టుకునే మాతంగి వేషం. ఇందులో బండ వేషం బూతులకు పెట్టింది పేరు. బండ వేషం, బండ బూతులు. గంగమ్మ వెంకన్న చెల్లెలని ఇక్కడి నమ్మకం, కొండమీద నుంచి ఆమెకు సారె కూడా వస్తుంది. గోవిందనామాలు మోగే ఊళ్ళోనే ఈ తిట్లూ మోగుతాయి. రెండూ ఒకే చెవిలో పడుతూ పెరిగినవాళ్ళం మేం.

ఇదే ఊళ్ళో పోయినేడాది ఒక కాలేజీ ఫెస్టులో మా బంధువుల పిల్లోడు ర్యాప్ పాడుతుంటే మధ్యలో మైకు కట్ చేశారు. తల్లి మీదుగా పోయే తిట్టు ఒకటి హుక్‌లో నాలుగుసార్లు వచ్చింది, ఐదోది రాలేదు. వాడికి పంతొమ్మిదేళ్ళు. సంగతి ఇంటికొచ్చాక వాళ్ళ మేనమామ, రిటైరైన తెలుగు పండితుడు, ఫ్యామిలీ గ్రూపులో ఒక పేరా రాశాడు: భాష, సంస్కారం, తల్లి పాలు వగైరా. అల్లుడు రెండు లైన్లే జవాబిచ్చాడు: "వయసులో ఉన్నప్పుడు నువ్వు బండ వేషం వేసినావంట కదా మామా. నువ్వు తిడితే భక్తి, నేను తిడితే బూతా?" మామ కూడా పొట్టిగానే చెప్పాడు: "అది అమ్మోరి కోసరం రా."

ఈ రెండు జవాబులూ నాకు నచ్చాయి. రెండూ సగమే నిజం అనిపించాయి కూడా. మిగతా సగాలు వెతకడానికే ఇది రాస్తున్నాను.

ముందు మామ వైపు. జాతర కథ తెలిసిందే. ఆడపిల్లల్ని చెరుస్తున్న పాలెగాడొకడు. అవిలాల కైకాల ఇంట పెరిగిన గంగమ్మ వాడి మీద తిరగబడుతుంది, వాడు పారిపోయి దాక్కుంటాడు. రోజుకో మారువేషంలో ఆమె వాణ్ణి వెతుకుతుంది. వాణ్ణి రెచ్చగొట్టి బయటికి రప్పించడానికే ఆ బూతులని పెద్దవాళ్ళు చెబుతారు. అంటే తిట్టుకు ఒక దిక్కుంది. తిట్టేది ఆడమనిషి పక్షాన, తిట్టించుకునేది ఆమెను చెరచబోయినవాడు, వారం కాగానే ఒళ్ళు కడుక్కుని మామూలు మనుషులైపోతారు. జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఈ జాతర మీద 2013లో తెచ్చిన పుస్తకానికి 'వెన్ ద వరల్డ్ బికమ్స్ ఫిమేల్' అని పేరు పెట్టింది. లోకమే ఆడదైపోయే వారం అది. మామ మూడు ముక్కల్లో చెప్పింది ఇంత పెద్ద సంగతి.

అయితే ఇక్కడో చిక్కుంది. తిట్టు పాలెగాడి కోసమే అయినా, నోట్లోంచి వచ్చే మాటలు ఎవరి ఒంటి మీదుగా పోతున్నాయి? పాలెగాడి అమ్మ మీదుగా, అక్క మీదుగా. దారిన పోయే ఆడపిల్ల ఆ వారం తల దించుకుని పక్క సందులోంచి పోవడం నేను చూశాను. అమ్మోరి కోసరం తిట్టినా ఆడవాళ్ళే పక్కకు తప్పుకోవాల్సి రావడం గురించి మామ గ్రూపులో ఏమీ రాయలేదు.

ఇప్పుడు అల్లుడి పాట. వాడు నాకు పంపిన ట్రాక్‌లో మూడు వెర్సులున్నాయి. మొదటిది నిజంగా బావుంది. రేణిగుంట రోడ్డులో రాత్రి డెలివరీ బైకు, హాస్టల్ గది, కొండ మీద వెలిగే దీపాలు, ఆ కొండ వెనక అడవి. అక్కడినుంచి పాట ఎర్రచందనం కూలీల మీదికి పోతుంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయినప్పుడు వీడు చిన్న పిల్లోడు. కానీ ఆ అంకె వీడి పాటలో ఉంది. చెట్టు కొట్టినవాడు చచ్చిపోయాడు, కొట్టించినవాడు ఏసీలో ఉన్నాడు అనే అర్థంలో నాలుగు పాదాలు, ఆ నాలుగో పాదం చివర ఒక్క తిట్టు. ఆ కొట్టించినవాడికి. హెడ్‌ఫోన్స్‌లో వింటూ నేను గట్టిగా 'అబ్బ' అన్నాను. అక్కడ ఆ మాట కాక ఇంకే మాట పెట్టినా పాట పడిపోయేది. 'దుర్మార్గుడా' అని పెట్టి చూడండి, రేడియో నాటకమైపోతుంది.

రెండో వెర్సుకు వచ్చేసరికి ఆ తిట్టే ఇంకో ర్యాపర్ తల్లికి తగులుతుంది. వాడెవడో వీడి కంటే ఎక్కువ ఫాలోవర్లున్నవాడు. అంతే కారణం. ఫెస్టులో కట్టయింది కూడా ఆ ముక్కే. మొదటి వెర్సులో పాలెగాడున్నాడు, రెండోదాంట్లో లేడు. తిట్టు మాత్రం అక్షరం పొల్లుపోకుండా అదే. సభ్యత మాట పక్కన పెట్టండి, పాటగా చూసినా రెండోది బద్ధకం. ప్రాస దొరకని చోట తిట్టు పెట్టడం, పద్యంలో గణం సరిపోని చోట వ్యర్థపదం కూరడం లాంటిది. మామకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే పాదపూరణం.

దీనికి భాషలో కూడా ఒక కారణం ఉందనుకుంటాను. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు సాగుతుంది. పాడుకోడానికి హాయిగా ఉంటుంది గానీ, బీట్ మీద ఠక్కున ఆగాల్సిన ర్యాప్‌కు ఆ సాగుడు అడ్డం. రోల్ రైడా, నోయెల్, ప్రణవ్ చాగంటి వగైరాలు తెలుగులో ర్యాప్ చెయ్యడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. బిగ్ బాస్ ఇళ్ళ దాకా (రైడా 2018లో, నోయెల్ 2020లో) వెళ్ళొచ్చారు కూడా. అయినా కొత్త పిల్లలు పాదం చివరకొచ్చేసరికి ఇంగ్లీషుకో హిందీకో పరిగెత్తుతారు, లేదా తిట్టుకు. తిట్లు గట్టి హల్లుల మీద ఆగుతాయి కదా. 'బాడుకోవ్' అని చూడండి, డ్రమ్ము మీద దెబ్బలాగే ఉంటుంది. మా చిత్తూరు యాసకు ఈ విరుపు పుట్టుకతోనే ఉంది. 'యాడికి మే', 'తగ్గేదేలే'. రెండో ముక్కతో 2021లో దేశమంతా ఊగింది. తిట్టు లేకుండానే ఆ విరుపు దొరుకుతుందని 'పుష్ప' డైలాగులు ర్యాపర్లకంటే ముందే కనిపెట్టాయి.

ఆ సినిమా రెండో భాగం (2024 డిసెంబర్) గంగమ్మ జాతరను దేశమంతా చూపించింది. హీరో చీర కట్టాడు, గాజులు తొడిగాడు, థియేటర్లలో పూనకాలు. గమనించారో లేదో, జాతరలోంచి సినిమాలోకి చీర వెళ్ళింది గానీ బండ వేషం బూతు వెళ్ళలేదు. భక్తి ప్యాకింగ్‌లోనైనా ఆ బూతు సెన్సారు దాటదు. అది ఆ వీధుల్లోనే, ఆ వారంలోనే బతకగలదు. అల్లుడి వాదనలో నాకు లోటు కనిపించేది ఇక్కడే. ఫోన్‌లోకి ఎక్కిన పాటకు వారం అయిపోవడమంటూ ఉండదు, ఒళ్ళు కడుక్కోవడం ఉండదు.

పెద్దవాళ్ళ నైతిక కోపాన్ని కూడా నేనంత తేలిగ్గా నమ్మను. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో మళ్ళీ అచ్చేస్తే బూతని నిషేధించారు, ప్రకాశం పంతులు హయాంలో గానీ ఆ నిషేధం పోలేదు. అందులో తిట్లేమీ లేవు. ఒక ఆడది ఒంటి గురించి సిగ్గుపడకుండా రాసింది, ఇంకో ఆడది అచ్చేసింది, అదీ నేరం. ఎనభై ఏళ్ళ తరవాత, 1993లో 'నీలి మేఘాలు' సంకలనం వచ్చిన రోజుల్లోనూ అదే పాట. స్త్రీవాద కవుల్ని 'నీలి కవులు' అన్నారు. నా చిన్నప్పుడు సినిమా పాటల్లో డబుల్ మీనింగులకు ఊరంతా ఈల వేసింది, పెళ్ళి బ్యాండు కూడా అవే వాయించింది. ఆ ఈల వేసిన తరమే ఇవాళ గ్రూపుల్లో పేరాలు రాస్తోంది. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లో అసభ్యమైన స్టెప్పుల మీద హెచ్చరిక జారీ చెయ్యాల్సి వచ్చింది. ఆ స్టెప్పులు వేయించింది పంతొమ్మిదేళ్ళ పిల్లలు కాదు.

ఇంకో పక్క దిగంబర కవులున్నారు. 1965 మేలో అర్ధరాత్రి పూట, నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత తొలి సంపుటం ఆవిష్కరింపజేశారు. వాళ్ళ మీద కూడా బూతనే ఆరోపణ. మేం కాలేజీలో వాళ్ళను చదివి ఊగిపోయినవాళ్ళమే. ఇప్పుడు తిరగేస్తే ఆ కోపం ఇంకా వేడిగానే తగులుతుంది, దాంతోపాటు కుళ్ళిన సమాజం అనగానే వేశ్య అనే ప్రతీకకు చెయ్యి ఎంత అలవాటుగా పోయేదో కూడా కనిపిస్తుంది. వాళ్ళకు పాలెగాడెవడో స్పష్టంగా తెలుసు. తిట్టు ఎవరి మీదుగా పోతోందో చూసుకోలేదు.

ఈ గొడవ హిప్‌హాప్ పుట్టిన చోట ముప్పై ఐదేళ్ళ కిందటే జరిగింది. 1990 జూన్‌లో ఫ్లోరిడాలో ఒక ఫెడరల్ జడ్జి 'టూ లైవ్ క్రూ' ఆల్బమ్‌ను అశ్లీలమని తేల్చాడు, 1992లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. మధ్యలో ఆ బృందం మీద నడిచిన కేసులో హెన్రీ లూయిస్ గేట్స్ అనే ఆచార్యుడు సాక్ష్యం చెప్పాడు. ఇది నల్లవాళ్ళ మౌఖిక సంప్రదాయంలోని అతిశయోక్తి, ఎకసెక్కెం, అక్షరాలా తీసుకోకండి అన్నది ఆయన వాదన. ఒకరి తల్లిని ఒకరు తిట్టుకుంటూ ఓడించుకునే 'డజన్స్' ఆట వాళ్ళకు ఉంది. దాదాపు మన అల్లుడి వాదనే, కాకపోతే ఆచార్యుల స్థాయిలో. మన మామ లాంటివాళ్ళు అక్కడా ఉన్నారు. 1965లో సెల్మాలో మార్టిన్ లూథర్ కింగ్‌తో నడిచిన సి. డెలోరెస్ టక్కర్ తొంభైల్లో గ్యాంగ్‌స్టా ర్యాప్ మీద ఉద్యమం నడిపింది, టూపాక్ తన పాటలో ఆవిడను పేరు పెట్టి దులిపాడు.

నాకు పనికొచ్చిన మాట ఈ ఇద్దరిదీ కాదు. 1991లో కింబర్లే క్రెన్‌షా అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఆ కేసు మీద ఒక వ్యాసం రాసింది. తెల్ల కోర్టు నల్ల కుర్రాళ్ళనే వెతికి పట్టుకోవడం జాత్యహంకారమే, కానీ సంప్రదాయం పేరు చెప్పి ఆ పాటల్లో నల్ల ఆడవాళ్ళకు జరుగుతున్నదాన్ని నవ్వులాట అనడం కూడా కుదరదు అంటుందావిడ. రెండు వైపులా వాదించుకుంటున్న మగవాళ్ళ మధ్యలో ఆ ఆడవాళ్ళు మాయమైపోతున్నారన్నది నాకు అందిన సారం. తాతయ్యగుంట వీధుల్లో తల దించుకుని పోయే పిల్ల దగ్గరికి నన్ను తీసుకొచ్చింది ఆ వ్యాసమే.

తిట్టును తీసేస్తే సరిపోతుందా? సరిపోదు. మా అవ్వ తిట్లు వినుంటే మీరూ అలాగే అంటారు. 'నీ పాడె గట్ట', 'నీ నోట్లో మన్ను బడ'. పాలిచ్చే బర్రె నుంచి ఎమ్మెల్యే దాకా ఎవర్నీ వదిలేది కాదు. నామిని సుబ్రమణ్యం నాయుడు మిట్టూరోడి కతల్లో, సినబ్బ కతల్లో మా వైపు ఆడవాళ్ళ నోళ్ళు ఎలా ఆడతాయో అచ్చులోకి వచ్చింది, చదివి తెలుగుదేశమంతా నవ్వింది, ఏడ్చింది. ఈ తిట్లలో నేను ఒకటి గమనించాను. మగవాళ్ళ తిట్టు ఎదుటివాడి తల్లి ఒంట్లోకి పోతుంది. ఆడవాళ్ళ తిట్టు ఎక్కువగా చావు మీదికి, మన్ను మీదికి, పాడె మీదికి పోతుంది. తిట్టించుకునేవాడితోనే లెక్క తేల్చుకుంటుంది, మధ్యలో ఇంకొకరిని లాగదు. అన్నీ అంతే అనను. 'ముండమోపి' కూడా మా అవ్వ నోటి మాటే, అర్థం విధవ అని. తానూ విధవే అయ్యుండి ఆ మాట ఎలా వాడేదో ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

కులం పేరుతో తిట్టడం దీనికంటే పెద్ద సంగతి. అల్లుడి ట్రాక్‌లో అది లేదు. వాడి స్నేహితుల ట్రాకుల్లో ఉంది, 'ఫ్లోలో వచ్చేసింది అన్నా' అంటారు. తొంభైల్లో మద్దూరి నగేష్‌బాబు లాంటి దళిత కవులు తమ మీద విసిరిన మాటల్నే ఏరుకుని తిరిగి విసిరారు. పక్క జిల్లా దాటితే తమిళంలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్, అరివు ఆ పని ర్యాప్‌లో చేస్తున్నారు, మా చిత్తూరు పిల్లలు వాళ్ళను వింటారు కూడా. ఆ మాట తగిలినవాడు దాన్ని తిప్పికొట్టడం వేరు, తగలనివాడు ఫ్లో కోసం వాడుకోవడం వేరు. దీంట్లో తరాల గొడవేమీ లేదు. యాభై ఏళ్ళవాడైనా ఇరవై ఏళ్ళవాడైనా ఒకటే లెక్క.

ఫెస్టు తరవాత అల్లుడికి నేను పెట్టిన మెసేజ్ చిన్నది: మొదటి వెర్సు ముట్టుకోకు, రెండోది చించెయ్, అవ్వ తిట్లు అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకో. వాడు థంబ్స్అప్ పెట్టాడు, దానర్థం ఏదైనా కావచ్చు. మామ మాత్రం ఆ మొదటి వెర్సు విని, నాలుగో పాదంలో తాళం జారిందన్నాడు. నిజమే, జారింది. తిట్టు గురించి ఏమీ అనలేదు.

నాకు వినాలని ఉన్న పాట ఇంకా రాలేదు. బండ వేషం మగవాళ్ళదే, ఫెస్టు మైకులూ ఎక్కువగా వాళ్ళవే. పక్క సందులోంచి పోయే ఆ పిల్ల ఏదో ఒక రోజు మైకు పట్టుకుంటుంది. అవ్వ నోటితో, పాలెగాళ్ళను పేరుపేరునా పిలిచి తిడుతుంది. ఆ రోజు మైకు కట్ చెయ్యమనడానికి మామా అల్లుడూ ఒకే వైపు కూర్చుంటారేమోనని నా అనుమానం.