వరసలో నా వెనక సారు

కోమటి చెరువు కట్ట మీద పొద్దుటి నడకలో ఈ వారం నాకు కోపం తెప్పించింది మా పక్కింటివాళ్ల అల్లుడు. ఆర్మీలో మేజర్, సెలవు మీద వచ్చాడు. అమెరికా సైన్యంలో 2019 నుంచి ఆఫీసర్లు తమకు నచ్చిన పోస్టులను వరసగా రాస్తారట, యూనిట్లు తమకు కావలసిన ఆఫీసర్లను రాస్తాయట, జతలు కంప్యూటరే కడుతుందట. "మాకైతే ఢిల్లీ మిలిటరీ సెక్రటరీ బ్రాంచి ఆర్డరే మామయ్యా. కొన్నాళ్లు ఫీల్డు, కొన్నాళ్లు పీసు" అన్నాడు. అమెరికావాళ్ల ఆ కంప్యూటరు లెక్కకు మూలం 1962లో గేల్, షాప్లీ అనే గణితవేత్తలు వేసిన పెళ్లి సంబంధాల లెక్క. షాప్లీకి 2012లో నోబెల్ కూడా వచ్చింది.

మనుషుల బతుకు మిషను చేతిలో పెడతారా అని ఎగబడ్డాను. బదిలీల మీద నా పాత పంచాయతీ మీకు తెలిసిందే. 2021 డిసెంబరులో తెలంగాణ సర్కారు 317 జీవో వచ్చి, సీనియారిటీ జాబితా పట్టుకొని ఉద్యోగులను జిల్లాలకు పంచినప్పుడు ఈ శీర్షికలోనే ఎంత మొత్తుకున్నానో!

మేజరుకూ నేను టీచరుగా ఉన్నప్పటి బదిలీ కౌన్సెలింగ్ కథే చెప్పాను. ఉమ్మడి మెదక్ జిల్లా రోజులు. హాలు నిండా టీచర్లు, గోడకు ఖాళీల జాబితా, సీనియారిటీ ప్రకారం పిలుపు. రోడ్డు పక్క బడుల్లో ఒక్కటే మిగిలింది. నా వంతు వచ్చేసరికి చంటిపిల్లను ఎత్తుకున్న ఓ టీచరమ్మ కండ్లనీళ్లు పెట్టుకుంది. నేను ఆ బడి వదిలేసి, బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచే ఊరు కోరుకున్నాను. హాలంతా చప్పట్లు.

చెప్పి ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఎందుకంటే మీకూ ఎన్నడూ చెప్పని ముక్క ఒకటుంది. నాకూ ఆమెకూ నడుమ వరసలో ఇంకో సారున్నాడు. నేను వదిలాక, ఆ చప్పట్ల మధ్య తను మాత్రం ఎట్ల అడుగుతాడు? తలొంచుకుని ఇంకేదో ఊరు పేరు చెప్పాడు. ఇంట్లో తల్లికి పక్షవాతమని నాకు ఏండ్ల తర్వాత తెలిసింది. త్యాగం నాది, ఖర్చు ఆయనది.

కంప్యూటరుకు కన్నీళ్లు కనపడవని ఇన్నేండ్లు తిట్టాను. చప్పట్లు కూడా వినపడవు కదా. ఆ సారు తరఫున ఆలోచిస్తే మిషనే నయం.

టీచరు మిత్రులారా, బదిలీల వెబ్ ఆప్షన్లలో మనసులో ఉన్న బడినే మొదట పెట్టండి. పాయింట్ల వరసలో ఇచ్చేచోట, దొరకదేమోనని దాన్ని కిందికి దింపితే నష్టం మీకే. నోరు తెరిచి అడగలేనివాళ్లు మరీ ముఖ్యంగా.