కంప్యూటరు గీసిన గ్రాఫు నిజం చెబుతుందా?

కంప్యూటరు అందుబాటులో ఉంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. మన దేశ జనాభా లెక్కల నుంచి ఈ ఐదు అంకెలు తీసుకోండి: 1901లో 23.8 కోట్లు, 1951లో 36.1 కోట్లు, 1991లో 84.6 కోట్లు, 2001లో 102.9 కోట్లు, 2011లో 121.1 కోట్లు. వీటిని ఎక్సెల్‌లో రెండు నిలువు వరుసలుగా టైపు చేసి 'లైన్ చార్టు' గీయించండి. (మొదటిసారి రెండు గీతలు రావచ్చు. సంవత్సరాలను కూడా అది మరో లెక్కగా భావించి వాటికీ ఒక గీత గీసేస్తుంది. సంవత్సరాల వరుసకు పైన ఉన్న శీర్షిక గడిని ఖాళీ చేసి మళ్ళీ గీయిస్తే ఆ బెడద పోతుంది.)

తెర మీది గీతను చూడండి. 1951 నుంచి 1991 దాకా అది ఎత్తుగా లేచింది. అక్కడి నుంచి దాని వాలు బాగా తగ్గిపోయింది. ఈ బొమ్మను ఎవరికి చూపించినా, "1991 తర్వాత జనాభా పెరగడం మందగించింది" అనే చెబుతారు. ఇప్పుడు కాగితం మీద లెక్క వేయండి. 1951 నుంచి 1991 దాకా నలభై ఏళ్ళలో పెరిగింది 48.5 కోట్లు, అంటే ఏడాదికి సుమారు 1.2 కోట్లు. 1991 తర్వాత రెండు దశాబ్దాలలోనూ ఏడాదికి సుమారు 1.8 కోట్ల చొప్పున పెరిగింది. గీత చెప్పినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. శాతాలలో చూస్తే పెరుగుదల రేటు తగ్గిన మాట నిజమే. అయితే ఈ గ్రాఫు చూపుతున్నది శాతాలను కాదు, కోట్లను. కోట్ల విషయంలో అది తప్పుదారి పట్టించింది.

అంకెలలో పొరపాటు లేదు, గీతలోనూ లేదు. పొరపాటంతా అడుగున ఉన్న అక్షంలో ఉంది. లైన్ చార్టు 1901, 1951, 1991 అనేవాటిని సంఖ్యలుగా చూడలేదు. రాముడు, సోముడు, భీముడు అన్నట్టు ఐదు పేర్లుగా చూసి, ఐదింటినీ సమాన దూరంలో నిలబెట్టింది. యాభై ఏళ్ళ ఎడానికీ పదేళ్ళ ఎడానికీ ఒకే జాగా ఇచ్చింది. ఇవే అంకెలను 'స్కాటర్' అనే రకంలో, చుక్కలను గీతతో కలిపేలా గీయించండి. అప్పుడు సంవత్సరాలు తమ అసలు దూరాలలో కుదురుకుంటాయి, 1991 తర్వాత గీత మరింత నిటారుగా లేస్తుంది. రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే అంకెలు, రెండు విరుద్ధమైన కథలు.

ఇప్పుడు గ్రాఫు కాగితాన్ని గుర్తు చేసుకోండి. లెక్కల పరీక్షలో గ్రాఫు గీసేటప్పుడు కుడివైపు పై మూలన ఏమి రాస్తారు? 'స్కేలు: ఎక్స్ అక్షంపై 1 సెం.మీ. = 10 సంవత్సరాలు, వై అక్షంపై 1 సెం.మీ. = 10 కోట్లు.' అది రాయకపోతే మార్కులు పోతాయి. విద్యార్థులకు అదొక విసుగు. కానీ ఆ రెండు వాక్యాలు రాయాలంటే, ఏ విలువ నుంచి ఏ విలువ దాకా చూపాలి, ఎంత దూరానికి ఎంత విలువ అని ముందుగా ఆలోచించక తప్పదు. స్ప్రెడ్‌షీటులూ రిపోర్టు సాఫ్ట్‌వేర్‌లూ మనకు తప్పించిన శ్రమ సరిగ్గా ఇదే. వాటి మీద నా ప్రధాన ఫిర్యాదు కూడా ఇదే. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 నుంచి నేటి దాకా ఈ సాఫ్ట్‌వేర్‌లను అమ్మేవారు గొప్పగా చెప్పుకొనేది ఒక్క మీటతో గ్రాఫు వస్తుందనే. ఆ ఒక్క మీట వెనుక అరడజను నిర్ణయాలు ఉన్నాయి. వాటిని మన తరఫున ఎవరో ముందే తీసుకొని పెట్టారు.

"అన్నీ మార్చుకొనే వీలుంది కదా" అని వారు జవాబు చెప్పవచ్చు. వీలున్న మాట నిజమే. మెనూలో నాలుగు మెట్లు దిగితే అన్నీ దొరుకుతాయి. అయితే బొమ్మ చక్కగా కనిపిస్తున్నప్పుడు ఆ మెట్లు దిగేవారెందరు? గ్రాఫు అసహ్యంగా వస్తే మనం అనుమానిస్తాం. నున్నగా, రంగురంగులుగా వస్తే నమ్మేస్తాం.

మరో నిర్ణయాన్ని చూద్దాం. 2011 లెక్కల ప్రకారం అక్షరాస్యత దేశం మొత్తం మీద 73.0 శాతం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 67.0 శాతం. వీటికి రెండు కమ్మీలు గీయించండి. విలువల మధ్య తేడా పెద్ద విలువలో సుమారు ఆరో వంతు కంటే తక్కువగా ఉంటే, ఎక్సెల్ తనంత తానుగా వై అక్షాన్ని సున్న దగ్గర మొదలుపెట్టదు. అది 64 దగ్గర మొదలైందనుకోండి. ఒక కమ్మీ ఎత్తు 9, రెండోదాని ఎత్తు 3. మన రాష్ట్రం కంటే దేశం మూడు రెట్లు ముందున్నట్టు కనిపిస్తుంది. అసలు నిష్పత్తి 1.09 మాత్రమే. ఆరు శాతం వెనుకబాటు చిన్న విషయమని నా ఉద్దేశం కాదు. దాన్ని మూడు రెట్లుగా చూపే హక్కు ఎవరికీ లేదని మాత్రమే అంటున్నాను.

కమ్మీ చిత్రాన్ని మనం పొడవును బట్టి చదువుతాం. కనుక దాని అడుగు సున్న దగ్గరే ఉండాలి, ఇందులో రాజీ లేదు. గీత చిత్రం సంగతి వేరు. జ్వరం వచ్చినవారి ఉష్ణోగ్రతను సున్న ఫారన్‌హీట్ నుంచి గీస్తే 98.6కూ 103కూ తేడా కనిపించదు. అక్కడ అక్షాన్ని 95 దగ్గర మొదలుపెట్టడమే తెలివైన పని. ఏ అంకెలకు ఏ బొమ్మ అన్నది ఎంత ముఖ్యమో ఈ విద్యకు ఆద్యుడైన విలియం ప్లేఫేర్‌కు బాగా తెలుసు. 1786లో ఆయన అచ్చు వేసిన అట్లాసులో దాదాపు అన్నీ కాలంతోపాటు సాగే గీత చిత్రాలే. స్కాట్లండు వ్యాపారానికి మాత్రం చేతిలో ఒక్క ఏడాది లెక్కలే ఉన్నాయి. ఒక్క ఏడాదితో గీత గీయలేక ఆయన కమ్మీలు గీశాడు. అంకెలను చూసి బొమ్మను ఎంచుకొన్నాడు. ఇవాళ మనం బొమ్మను ఎంచుకొని, అంకెలను దానిలో ఇరికిస్తున్నాం.

వృత్త చిత్రాల గురించి ఎక్కువ చెప్పను. విలియం క్లీవ్‌లండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1984లో ప్రచురించిన ప్రయోగాలలో, మన కన్ను ఒకే అక్షం మీది స్థానాలను పోల్చినంత కచ్చితంగా కోణాలను పోల్చలేదని తేల్చారు. ఆ వృత్తాన్ని పళ్ళెంలా ఏటవాలుగా పడుకోబెట్టి, దానికి మందం కూడా తగిలిస్తే ముందున్న ముక్క ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. మీ ప్రాజెక్టు రిపోర్టులో అటువంటిది ఉంటే తీసేయండి. దాని జాగాలో ఒక చిన్న పట్టిక చాలు.

ఇంతవరకు చెప్పినవి కంటికి కనిపించే తప్పులు. కనిపించనివి ఇంకా ప్రమాదకరమైనవి. 1981లో అస్సాంలో జనాభా లెక్కలు జరగలేదు. 1991లో జమ్మూ కాశ్మీర్‌లో జరగలేదు. పట్టికలో ఆ గడులు ఖాళీగా ఉంటాయి. అస్సాం జనాభా 1971లో 1.46 కోట్లు, 1991లో 2.24 కోట్లు. నడుమ ఖాళీ. ఖాళీ గడిని సున్నగా తీసుకొనే అమరిక ఉంటే, 1981లో అస్సాంలో ఒక్క మనిషీ లేనట్టు గీత నేలకు పడిపోయి మళ్ళీ లేస్తుంది. ఇది చూడగానే నవ్వు వస్తుంది కనుక పట్టుబడుతుంది. అదే ఖాళీ ఒక సగటులోకి సున్నగా చేరితే ఎవరూ నవ్వరు, ఎవరికీ తెలియదు.

ఎక్సెల్‌లో దీనికి దారి ఉంది. ఖాళీ గడులను ఎడంగా వదలాలా, సున్నగా తీసుకోవాలా, అటూ ఇటూ చుక్కలను కలపాలా అని ఎంచుకోవచ్చు. ఎడంగా వదలడమే నిజాయతీ అని నా అభిప్రాయం. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి. గడిలో ఫార్ములా ఉండి, అది ఖాళీ అక్షరాలను ఇస్తే, ఆ గడి మనకు ఖాళీగా కనిపించినా చార్టుకు ఖాళీ కాదు, సున్నే. అటువంటి చోట 'ఎన్.ఎ.' అనే ఫంక్షన్‌ను వాడాలి. 'తెలియదు' అనడానికీ 'సున్న' అనడానికీ తేడా ఏమిటో యంత్రానికి మనమే చెప్పాలి.

డేటాబేసు నుంచి నివేదికలు తయారుచేసే క్రిస్టల్ రిపోర్ట్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లలో మరో రకం చిక్కు ఉంది. ఒక కళాశాల గ్రంథాలయాన్ని ఊహించుకోండి. ఒక పట్టికలో విద్యార్థి పేరు, అతడు కట్టిన ధరావతు 500 రూపాయలు. రెండో పట్టికలో ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్న వివరం. ముగ్గురు విద్యార్థులు ఒకటి, రెండు, నాలుగు చొప్పున పుస్తకాలు తీసుకున్నారు. రెండు పట్టికలనూ జోడిస్తే ఏడు వరుసలు వస్తాయి, ప్రతి వరుసలోనూ 500 కనిపిస్తుంది. 'మొత్తం' అని అడిగితే సాఫ్ట్‌వేర్ ఏ సంకోచమూ లేకుండా 3,500 అని రాస్తుంది. పెట్టెలో ఉన్నది 1,500. మొత్తాన్ని ప్రతి వరుసకూ కాక, విద్యార్థి మారినప్పుడు మాత్రమే కూడేలా అమర్చాలి. అంతకంటే సులువైన జాగ్రత్త ఒకటుంది: ముగ్గురితో ముందు చేత్తో లెక్క వేసి, రెండూ సరిపోయాక మూడు వేలమందితో నడపండి.

శాతాల సగటు కూడా ఈ కోవలోదే. ఒక సెక్షనులో 10 మందికి 9 మంది పాసయ్యారు, ఇంకొక దానిలో 90 మందికి 45 మంది. 90 శాతం, 50 శాతం. సగటు 70 అంటుంది రిపోర్టు. కానీ 100 మందిలో పాసయినది 54 మందే. ఆ 16 శాతం ఎక్కడి నుంచి వచ్చిందని ప్రిన్సిపాలుగారు అడిగితే కంప్యూటరు జవాబు చెప్పదు, మీరే చెప్పాలి.

ఇవన్నీ పిల్లల ప్రాజెక్టులలో జరిగే చిన్న పొరపాట్లని అనుకోకండి. 2020లో ఇంగ్లండులో కోవిడ్ పరీక్షల ఫలితాలను పోగుచేసేటప్పుడు ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పాత నమూనా ఎక్సెల్ ఫైలును వాడింది. ఆ నమూనాలో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. అది 2కు 16వ ఘాతం. (కొత్త నమూనాలో 2కు 20వ ఘాతం, అంటే 10,48,576.) హద్దు దాటిన వరుసలు చప్పుడు లేకుండా రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. ఆ రోగులతో మెలిగినవారిని వెతికి హెచ్చరించే పని ఆమేరకు ఆలస్యమైంది. ఆ రోజుల గ్రాఫు చూసినవారికి అదంతా మామూలుగానే కనిపించి ఉంటుంది. లేనిదాన్ని గ్రాఫు చూపలేదు కదా!

వచ్చిన వరుసల సంఖ్యను మూలంలోని సంఖ్యతో పోల్చి చూడడం అర నిమిషం పని. ఆ పోలికను తనంత తానుగా చేసి, తేడా ఉంటే ఎర్ర అక్షరాలతో చెప్పడం సాఫ్ట్‌వేర్‌కు కష్టమా? కమ్మీలకు నీడలు దిద్దడానికి పట్టిన శ్రమ కూడా పట్టదు. తయారీదారులను మనం అడగవలసింది ఇటువంటివి. నలభై రకాల చార్టులు ఉండగా నలభై ఒకటోది ఎందుకు?

చివరగా, ఏ సాఫ్ట్‌వేర్‌కూ సాధ్యం కాని పని ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ జనాభా 1991లో 6.65 కోట్లు, 2001లో 7.62 కోట్లు, 2011లో 8.46 కోట్లు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 2011 లెక్కలనే కొత్త సరిహద్దులకు సరిచేస్తే ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 4.96 కోట్లు, తెలంగాణకు సుమారు 3.50 కోట్లు. పాత పట్టికనూ కొత్త పట్టికనూ రాష్ట్రం పేరుతో జోడించమంటే యంత్రం జోడిస్తుంది. రెండు చోట్లా పేరు 'ఆంధ్రప్రదేశ్' అనే ఉంది, ఒక్క అక్షరం తేడా లేదు. దానికి అంతకంటే ఏమి కావాలి? గీత మూడున్నర కోట్లు కిందికి దూకుతుంది.

2021లో జరగవలసిన జనాభా లెక్కలు కోవిడ్ వల్ల వాయిదా పడ్డాయి. దేశంలో అధిక భాగానికి 2027 మార్చి 1ని ఆధార తేదీగా కేంద్ర ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. అంటే 2011కూ తర్వాతి అంకెకూ మధ్య ఎడం పదేళ్ళు కాదు, పదహారేళ్ళు. ఆ అంకెలు చేతికి వచ్చాక మీరు ఆంధ్రప్రదేశ్ గ్రాఫు గీయబోతే లైన్ చార్టు ఆ పదహారేళ్ళనూ పదేళ్ళ జాగాలోనే సర్దుతుంది, పేరు చూసి రెండు వేర్వేరు భూభాగాలనూ కలిపేస్తుంది. స్కాటర్ రకం ఎంచుకొని, 2027 అంకెకు రెండు రాష్ట్రాలనూ కూడి, ఆ సంగతిని బొమ్మ కిందనే ఒక వాక్యంలో రాయండి.