లేబుల్ కప్పి చూస్తే

అమెరికాలో బర్బన్ విస్కీ కొనబోయే మనవాళ్లకు మొదట మింగుడుపడనిది ఎమ్మార్పీ లేకపోవడం. మన దగ్గర వైన్ షాపువాడు క్వార్టర్ మీద పది రూపాయలు ఎక్కువ లాగితే గొడవే. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో కంపెనీ చెప్పే ధర ఉత్త సలహా. పేరున్న సీసా చేతికొస్తే దుకాణదారు దానికి మూడింతల చీటీ అంటించి అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. అడిగేవాడు లేడు. వర్జీనియా, ఒహాయో లాంటి చోట్ల ధర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. అక్కడ అరుదైన సీసాలకు లాటరీ తీస్తారు. మన రెండు రాష్ట్రాల్లో షాపులకు లాటరీ, వీళ్లకు సీసాలకు.

ఈ సంతలో ఫలానా సీసా అసలు ఎంత చేస్తుందో తేల్చుకోవడం నాకు వ్యసనమైపోయింది. తాగడం కన్నా ఇదే పెద్ద వ్యసనమని మా ఇంట్లో అభియోగం.

ముందు లేబుల్ చదువుతాను. పెద్దక్షరాల్లో ఉండే ముత్తాత కథ కాదు, అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉండేది. బర్బన్‌కు చట్టం గట్టిది. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల నిప్పుతో మాడ్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. రంగు, రుచి బయటి నుంచి కలపకూడదు. అంటే గ్లాసులో కనిపించే ఆ ఎర్రటి తేనెరంగంతా చెక్క ఇచ్చిందే. ‘స్ట్రెయిట్’ అని ఉంటే పీపాలో కనీసం రెండేళ్లు ఉందన్నమాట. నాలుగేళ్లు నిండకపోతే వయసు చెప్పి తీరాలి. కాబట్టి వయసు ఊసెత్తని స్ట్రెయిట్ బర్బన్‌కు నాలుగేళ్లు ఖాయం. ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అని ఉంటే ఇంకా నయం. పొగాకు రసం లాంటివి కలిపి విస్కీ అని అమ్మేస్తున్న రోజుల్లో, 1897లో తెచ్చిన చట్టం అది. దానికోసం పట్టుబట్టినవాళ్లలో కెంటకీ విస్కీ వ్యాపారి ఇ.హెచ్. టేలర్ ముఖ్యుడు. ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్, కనీసం నాలుగేళ్లు, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్. ఆ మూడు మాటల్లో ఇంత పూచీ ఉంది.

ముందువైపు ‘మా తాతగారి రహస్య వంటకం’ అని రాసి, వెనకవైపు సన్నగా ‘ఇండియానాలో తయారైంది’ అని ఉండే సీసాలు బోలెడు. ఇండియానాలోని పెద్ద డిస్టిలరీ సరుకు చాలా బ్రాండ్ల పేర్లతో బజారుకొస్తుంది. సరుకు బాగుంటుంది, అందులో మోసం లేదు. తాతగారికి కట్టే అదనపు డాలర్లే నాకు గిట్టవు.

ఇక గ్లాసు. అడుగున ఉబ్బి మూతి దగ్గర సన్నబడే చిన్న గ్లాసులో ఒక ఔన్సు పోసి పది నిమిషాలు వదిలేస్తాను. పోసీ పోయగానే ముక్కు పెడితే స్పిరిట్ ఘాటు తప్ప ఏమీ తెలీదు. వాసన చూసేటప్పుడు నోరు కాస్త తెరిచి ఉంచాలి, అప్పుడు ముక్కు మండదు. వెనిలా, పాకం పట్టిన చక్కెర వాసనలు దాదాపు అన్నిటికీ ఉంటాయి, మాడిన చెక్క గుణం అది. చూడాల్సింది దాని వెనక ఏముందని. రై అనే ధాన్యం ఎక్కువ పడితే లవంగం, మిరియం తగులుతాయి. రై బదులు గోధుమ వాడితే మెత్తగా, తియ్యగా ఉంటుంది. మొదటి గుటకను నేను లెక్కలోకి తీసుకోను. అది నాలుకను దారికి తేవడానికే. రెండో గుటకను నములుతున్నట్టు నోరంతా తిప్పాలి. జిమ్ బీమ్ వంశం వాడైన బుకర్ నో నేర్పిన పద్ధతి ఇది. మింగాక రుచి ఎంతసేపు నిలిచిందో గమనించాలి. మంట నిలవడం వేరు, రుచి నిలవడం వేరు. ఘాటు మరీ ఎక్కువైతే రెండు చుక్కలు నీళ్లు. కడగకుండా వదిలేసిన గ్లాసును పొద్దున వాసన చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. స్పిరిట్ ఎగిరిపోయి చెక్క మాత్రమే మిగిలి ఉంటుంది. ఒక పూటకు మూడు రకాలు దాటితే మాత్రం నాలుక అబద్ధాలాడడం మొదలెడుతుంది.

హైదరాబాద్ నుంచి వచ్చిన బంధువులు సీసా చూడగానే అడిగేది “ఎన్నేళ్లది?” అని. స్కాచ్ అలవాటు అది, పన్నెండు కన్నా పద్దెనిమిది గొప్ప. స్కాచ్ ఎక్కువగా నానేది బర్బన్ ఖాళీ చేసిన పాత పీపాల్లో, అదీ చల్లని దేశంలో. బర్బన్‌ది కొత్త పీపా, కెంటకీ ఎండాకాలం. గోదాము పై అంతస్తుల్లో వేడికి నీరు ఎక్కువగా ఆవిరై మందు బలం ఏటేటా పెరుగుతుంది కూడా. అలాంటిచోట ఎనిమిది, పదేళ్లకే చెక్క ఇవ్వాల్సిందంతా ఇచ్చేస్తుంది. ఇంకా ఉంచితే ఎక్కువసేపు మరిగిన టీ డికాషన్‌లా వగరు దిగుతుంది. ఇరవై ఏళ్లు దాటినా బాగుండే పీపాలు లేకపోలేదు, కానీ అవి తక్కువ. ఆ కొరతకే వేల డాలర్లు. 2013లో కెంటకీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బఫలో ట్రేస్ డిస్టిలరీ నుంచి పాపీ వాన్ వింకిల్ బర్బన్ సీసాలు పెట్టెలకు పెట్టెలు మాయమైతే దేశమంతా వార్తయింది. దొంగలకు నాలుక అక్కర్లేదు, బజారు ధర తెలిస్తే చాలు.

అదే ఏడాది మేకర్స్ మార్క్ బర్బన్ కంపెనీ గిరాకీకి సరుకు చాలక ఆల్కహాల్‌ను 45 శాతం నుంచి 42కు తగ్గిస్తామంది. జనం మండిపడితే వారం తిరిగేసరికి వెనక్కి తగ్గింది. ఆ జనాన్ని నేను మెచ్చుకుంటాను. 40 శాతం సీసా, 50 శాతం సీసా ఒకే ధరకు పక్కపక్కన ఉంటే మొదటిదాంట్లో మీరు నీళ్లు కొంటున్నట్టే.

నా కొలబద్ద ఎవన్ విలియమ్స్ తెల్ల లేబుల్ సీసా. బాండ్ చట్టం కిందిది, ఇరవై డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. కొత్త సీసా ఏదొచ్చినా రెండింటికీ కాగితం చుట్టి, ఇంట్లో వాళ్లచేత గ్లాసుల్లో పోయించుకుని, ఏది ఏదో తెలీకుండా రుచి చూస్తాను. అరవై డాలర్ల సీసా దీన్ని తేలిగ్గా ఓడించాలి. చాలాసార్లు తేడా తెలుస్తుంది, మూడింతల తేడా మాత్రం అరుదు. నా లెక్కలో డబ్బుకు తగ్గ ఫలితం నలభై డాలర్ల దాకా కనిపిస్తుంది. ఆపైన కట్టేది ఎక్కువగా వెతుకులాటకి, చెప్పుకోవడానికి.

చెప్పుకోవడాన్ని తీసిపారేయను. మా మిత్రుడొకడు బ్లాంటన్స్‌కు పిచ్చి అభిమాని. 1984లో వచ్చిన సీసా అది, ఒక్కో పీపాను విడిగా సీసాల్లో నింపి అమ్మే పద్ధతికి దారి చూపింది. దాని బిరడా మీద పరిగెత్తే గుర్రం, రౌతు ఉంటారు. ఒక్కో భంగిమకు ఒక్కో అక్షరం. ఎనిమిది కలిస్తే సీసా పేరు పూర్తవుతుంది. కాగితం చుట్టి పోస్తే నా చవక సీసానే బాగుందన్నాడు.

“మరి దానికి అంత ఎందుకు పెడతావురా?”

“తాగడానికైతే నీదే బాగుంది అన్నా. కానీ నాకు రెండో ‘ఎన్’ ఇంకా దొరకలేదు.”

మొన్న శనివారం నూట నలభై డాలర్లు పెట్టి ఇంకోటి తెచ్చాడు. అందులో ‘ఓ’ వచ్చింది.