ఇంటి చదువు – చవక పుస్తకం

బాలల వాచకాన్ని విమర్శకు తగిన వస్తువుగా మన విమర్శకులు చాలామంది పరిగణించరు. కావ్యానికీ నవలకూ గీటురాళ్ళు వున్నాయి. ఇంట్లో కూర్చుని అక్షరాలు దిద్దే పిల్లవాడి పుస్తకానికి అటువంటిదేదీ లేదు. ధరను బట్టో, బరువును బట్టో దాన్ని కొంటున్నాము. లోకాన్ని గురించి పిల్లవాడికి తొలి అభిప్రాయాలు కలిగించేది మాత్రం ఆ పుస్తకమే.

బడికి పంపకుండా ఇంటివద్దనే చదివించే తల్లిదండ్రులు మన పట్టణాలలో కొందరు వున్నారు. బడి విడిచాక ఇంట్లో మళ్ళీ చదివించవలసి వస్తున్నవారు కోకొల్లలు. తెలుగు లెక్చరర్నయిన నన్ను వీరందరూ అడిగేది ఒక్కటే: తక్కువ ఖర్చులో ఏ పుస్తకాలు కొనాలి? వ్యాపారి సమాధానం సిద్ధంగా వుంది. ఏడాది పాఠాలన్నిటినీ రంగుల పెట్టెలో సర్ది, తల్లి భయానికి ధర కట్టి అమ్ముతాడు.

పేద ఇంటికి దొరికిన పాత సమాధానం పెద్దబాలశిక్ష. 1832లో పుదూరు సీతారామశాస్త్రి రచించిన బాలశిక్ష దీనికి మూలం. దీని మేలును తక్కువ చేసి మాట్లాడడం అభ్యుదయం కాదు. గుణింతాలు, ఎక్కాలు, పద్యాలు, 60 సంవత్సరాల పేర్లు, 27 నక్షత్రాల పేర్లు ఒక్కచోట ఇచ్చి, రెండో పుస్తకం కొనలేని ఇంటికి అదే బడి అయింది. కాని దాని పద్ధతి ఏమిటి? పుస్తకం చెబుతుంది, పిల్లవాడు వల్లిస్తాడు. కృత్తిక పేరు వచ్చిన పిల్లవాడు ఆకాశంలో కృత్తికను గుర్తుపట్టవలసిన అవసరం ఈ పద్ధతిలో లేదు. నీతి ఆజ్ఞగా వస్తుంది. పాత సమాజం పిల్లవాణ్ణి కోరింది జ్ఞాపకశక్తి, విధేయత. పుస్తకం ఆ కోరికనే అచ్చువేసింది.

దీనికి భిన్నమైన చవక పుస్తకాలు సోవియట్ యూనియన్ నుంచి తెలుగులో వచ్చాయి. విశాలాంధ్ర పుస్తకాల అంగళ్ళ ద్వారా అవి మన వూళ్ళకు చేరాయి. పెరెల్మాన్ నాణెంతో, గ్లాసుడు నీళ్ళతో భౌతికశాస్త్రం చెప్పాడు. లోపాలు లేకపోలేదు. అనువాదపు తెలుగు అక్కడక్కడ బిగుసుకుపోయింది. ఆ మంచు, ఆ బిర్చి చెట్లు మన పిల్లలు ఎరుగనివి. అయినా అవి పిల్లవాణ్ణి పనిలోకి దింపాయి. వాటి ముద్రణ ఖర్చును రాజ్యం భరించింది గనుకనే అవి అంత చవకగా దొరికాయి. 1991లో ఆ రాజ్యం కూలడంతో ఆ ధార ఆగిపోయింది. తరువాత వాటిలో కొన్నింటిని హైదరాబాదులోని ‘మంచి పుస్తకం’ సంస్థ మళ్ళీ అచ్చువేసింది.

దీన్నిబట్టి తేలేదేమిటి? మంచి పుస్తకం చవకగా దొరకడం తల్లిదండ్రుల బేరమాడే నేర్పు మీద ఆధారపడి లేదు. అది సమాజం చేసే నిర్ణయం.

అందుచేత ఇంటి చదువుకు ప్రజాధనంతో తయారైన వాచకాన్నే ఆధారం చేసుకోవాలని నా అభిప్రాయం. ఎన్.సి.ఇ.ఆర్.టి. వాచకాలు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతున్నాయి. బడి బయట చదివేవారికి 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ వుంది. 14 ఏళ్ళు నిండినవారు అక్కడ 10వ తరగతి పరీక్ష రాయవచ్చు. వాచకానికి తోడు రెండు కథల పుస్తకాలు, ఒక ప్రయోగాల పుస్తకం చాలు. పుస్తకాన్ని ఎంచుకోవడానికి ఒక పరీక్ష చెబుతాను. ఒక పాఠం చదివించి పుస్తకం మూయండి. అడగడానికో, చేసి చూడడానికో పిల్లవాడికి ఏమైనా మిగిలిందా? మిగలకపోతే ఆ పుస్తకం పది రూపాయలకు వచ్చినా దండగే.

ఆ కథల పుస్తకాలు కూడా కొనలేని ఇంటి మాటేమిటి? 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. అంటే ఆ పుస్తకం ధర ప్రజలు ముందే చెల్లించారు. శాఖా గ్రంథాలయపు బీరువాలో అది కనబడకపోతే, లెక్క అడిగే హక్కు వారికి వుంది. ఉపాధ్యాయులు, విద్యార్థులు తమ వూరి గ్రంథాలయంలో బాలల పుస్తకాలు ఎన్ని వున్నాయో, ఏవి కొన్నారో అడగడంతో ఈ పని మొదలుపెట్టాలి. పిల్లవాడి చేత ప్రశ్న వేయించే చవక పుస్తకాలు రాయడం రచయితల వంతు.